చేతులు కడిగే ఊరు

మా ముప్పై పడకల సర్కారు దవాఖానకు 2007 ఫిబ్రవరిలో చేతుల పరిశుభ్రతకు గాను జిల్లా మొదటి బహుమతి వచ్చింది. ఈ సంగతి ఇంతవరకు తెలియనివారు ఎవరైనా ఉంటే దయచేసి సిగ్గుపడవలసిందిగా మనవి. ఊరి పేరు చెప్పను. వనపర్తి నుంచి కొల్లాపూర్ పోయే బస్సెక్కి "చేతులు బాగా కడిగే ఊరేది?" అని అడిగితే కండక్టరే దింపుతాడు. నేను ఆ దవాఖానలో ఇరవై రెండేళ్లుగా ఓపీ చీట్లు రాస్తున్న గుమాస్తాను. నా పేరు మీకు అనవసరం. ఆ బహుమతి ఎలా వచ్చిందో పేపర్లలో రాసిందంతా అబద్ధం కాబట్టి, ఉన్నదున్నట్టు చెప్పే బాధ్యత నా మీద పడింది.

ముందుగా అప్పటి పరిస్థితి. మా వార్డులో కుట్లు పడ్డవారు చీము పట్టకుండా ఇల్లు చేరడం చాలా అరుదు. దీనికి కారణం మా వాళ్ల ప్రేమ. మా దిక్కున ఒక మనిషి దవాఖానలో పడ్డాడంటే ఊరు ఊరంతా చూడ్డానికి రావాలి. రాకపోతే ఆ రెండిళ్లకూ మళ్లీ మాటలుండవు. వచ్చినవాళ్లు ఊరికే చూసిపోతే మర్యాద కాదు. బ్రెడ్డు ప్యాకెట్టు తలగడ పక్కన పెట్టి, మంచం మీద సర్దుకుని కూర్చుని, "ఏదీ, సూడనియ్యి" అని కట్టు విప్పించి, కుట్లు లెక్కపెట్టాలి. తమ చుట్టాల్లో ఎవరికి ఎన్ని పడ్డాయో చెప్పాలి. ఆ తర్వాత వేలితో నొక్కి "ఈడ నొస్తుందా?" అని అడగాలి. నొక్కితే ఎవరికైనా నొస్తుంది. అప్పుడు అయ్యో పాపం అనాలి. పొద్దున్నే పాలు పితికిన చెయ్యి, ఎరువు చల్లిన చెయ్యి, తంబాకు నలిపిన చెయ్యి, బస్సు కడ్డీకి వేలాడి వచ్చిన చెయ్యి, అన్నీ ఆ కుట్ల మీదుగానే పోయేవి. కొందరు ఇంటి నుంచి పసుపు, కాఫీ పొడి, చుట్ట బూడిద కూడా పొట్లం కట్టుకుని వచ్చేవారు.

ఈ ప్రేమను అదుపు చెయ్యడానికి పైనుంచి ఒక తెల్లటి సింకు మంజూరైంది. వార్డు గుమ్మం పక్కన బిగించారు. దాని మీద చేతులు ఆరు మెట్లలో ఎలా కడగాలో చూపించే బొమ్మల కాగితం అంటించారు. సింకును మా ప్రజలు ఎంతో ఆదరించారు. అందులో టిఫిను డబ్బాలు కడిగారు, తంబాకు ఉమిశారు, ఎండాకాలంలో ఒకాయన కొల్లాపూర్ మామిడిపండ్లు బుట్టెడు నానబెట్టుకున్నాడు. చేతులు మాత్రం ఎవరూ కడగలేదు. కడుక్కోమని చెప్పిన నర్సు మీద "నా చేతులకేమైంది? పొద్దుగాలనే తానం జేసి వచ్చిన" అని లేచేవారు.

ఆ నర్సు పేరు సుగుణమ్మ. ఆమె మా దవాఖానకు వచ్చిన మొదటి రోజే ఊరు విచారణ ప్రారంభించింది.

"ఏ ఊరు బిడ్డా మీది?"

"గోపాల్‌పేట దిక్కు."

"ఎవలోళ్లు?"

"మా అమ్మానాయినోళ్లం."

అబ్బో, ఇలాంటి జవాబులతో ఆగిపోయే ఊరా మాది! ఇంటిపేరు అడిగారు, తండ్రి పని అడిగారు, ఏ దేవుణ్ణి మొక్కుతారో అడిగారు, ఆదివారం ఏం వండుతారో అడిగారు, ఊళ్లోకి పోగానే ఇల్లు ఎడమకా కుడికా అని కూడా అడిగారు. పదకొండో రోజుకు నివేదిక తయారు. తండ్రి డప్పు కొట్టేవాడు, ఇల్లు ఎస్సీ కాలనీలో. మా దవాఖానలో రక్తపరీక్ష ఫలితం రావడానికి నెల పట్టేది.

నివేదిక వచ్చాక కూడా ఆమెను ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. మా ఊరివాళ్లు చట్టం తెలిసినవాళ్లు. నోటితో అంటే కేసవుతుందని అందరికీ తెలుసు. మాత్ర ఇవ్వబోతే "ఆడ వెట్టమ్మా, తీస్కుంట" అనేవారు. నాడి చూస్తున్నంతసేపూ పక్కకు చూసేవారు. ఆమె అటు తిరగ్గానే పెరట్లో నీళ్ల డ్రమ్ము దగ్గరకు పోయి వచ్చేవారు. ఎందుకు పోయేవారో ఆమె రెండేళ్లపాటు చూడనట్టే ఉండిపోయింది.

డిసెంబరులో పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్న ఇద్దరికి ఒకేసారి కుట్లు చీము పట్టాయి. మా పెద్ద డాక్టరు శ్రవణ్ కుమార్ గారు స్వయంగా దర్యాప్తు జరిపారు. డాక్టరు తప్పు లేదు, కత్తెరల తప్పు లేదు, చూడ్డానికి వచ్చిన బంధువుల తప్పు లేదు, చుట్ట బూడిద తప్పు అంతకన్నా లేదు. కాబట్టి మిగిలినది నర్సు. మెమో టైపు చేయించారు: "ఇకమీదట ఈ వార్డులో ఒక్క కుట్టు చీము పట్టినను, శిక్షగా తమరిని మన్ననూర్ అటవీ ప్రాంతమునకు బదిలీ చేయడమగును."

సుగుణమ్మ ఆ కాగితం నా బల్ల దగ్గరే చదువుకుంది. తల్లీబిడ్డా ఇద్దరే. బిడ్డ సింధూజ పదో తరగతి, మార్చిలో పరీక్షలు.

"పరీక్షలయ్యేదాంక ఈడ ఉంటె సాలు సార్," అంది. "నడిమిట్ల బడి ఇడిపిచ్చి అడివికి ఎట్ల గుంజుకపోదు పిల్లను?" అంటూ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

నాకూ బాధేసింది. ఓదార్పుగా, మెమోలో తారీఖు తప్పు పడిందని చూపించాను.

జనవరిలో అసలు గండం వచ్చింది. మా దవాఖాన అభివృద్ధి కమిటీ చైర్మన్ వెంకటయ్య గారికి అపెండిక్స్ నొప్పి లేచింది. అరవై ఎకరాల ఆసామి, హైదరాబాద్ పోవలసిన మనిషి. కానీ జీపు స్టార్టయ్యేలోపే కేకలు పెట్టడంతో మా దగ్గరే కోసి పద్నాలుగు కుట్లు వేశారు. కమిటీ ఏర్పడ్డ ఆరేళ్లలో ఆయన దవాఖాన లోపలికి రావడం అదే మొదలు. ఇక ఆయన్ను చూడ్డానికి ఏడూళ్ల జనం వస్తారు. కుట్లు విప్పడానికి ఎనిమిది రోజులు. తక్కువలో తక్కువ రెండు వందల మంది, నాలుగు వందల చేతులు. సింధూజ పరీక్షలు ఈ పద్నాలుగు కుట్ల మీద నిలబడ్డాయి.

మొదటిసారి కట్టు మార్చడానికి సుగుణమ్మ దగ్గరికి పోతే వెంకటయ్య గారు గోడవైపు జరిగారు.

"సిస్టరమ్మా, ఏమనుకోకు. కట్టు గట్టేతందుకు ఇంకెవలన్న లేరా?"

"ఇంకెవలు లేరు పెద్దయ్యా," అంటూ ఆమె రబ్బరు తొడుగులు తీసి చేతులకు వేసుకుంది.

ఆయన మొహం విప్పారింది. "గివేంది?"

"గ్లౌజులు."

"గివేస్కుంటె నీ చెయ్యి నాకు తగులదా?"

"తగులదు."

"వారెవ్వా! ఇవి కనివెట్టినోడు మంచి కులపోడై ఉంటడు." కాసేపు ఆలోచించి, "రెండు జతలేస్కో," అన్నారు.

ఆమె రెండు జతలు వేసుకుంది. గ్లౌజులు లేకుండా తన గాయం జోలికి రావద్దని డాక్టరు గారికి కూడా ఆయనే ఆజ్ఞ జారీ చేశారు, పద్ధతంటే పద్ధతే అన్నారు. ఇన్ఫెక్షన్ నివారణలో ఇంత పట్టుదల చూపిన రోగిని నా సర్వీసులో మళ్లీ చూడలేదు.

గ్లౌజులు గాయాన్ని నర్సు నుంచి కాపాడతాయి గానీ బావమరుదుల నుంచి కాపాడవు. ఆ సాయంత్రం చైర్మన్ గారి బావమరిది జంగయ్య ఎరువు బస్తాలు దించి నేరుగా వచ్చాడు. బావ కట్టు విప్పించాడు. ఒకటి, రెండు, మూడు అని వేలు పెట్టి లెక్కపెట్టబోతుండగా సుగుణమ్మ ఉరికివచ్చి ఉత్తచేత్తో అతని మణికట్టు పట్టేసింది.

"ముట్టకురి అన్నా! జర ఆగురి!"

జంగయ్య తన చేతిని ఒకసారి చూసుకున్నాడు. మెల్లగా లేచి సింకు దగ్గరికి పోయాడు. సబ్బు తీసుకుని అరచేతులు రుద్దాడు, వేళ్ల సందులు రుద్దాడు, గోళ్ల కింద రుద్దాడు, బొటనవేలు తిప్పి తిప్పి రుద్దాడు, మోచేతి దాకా నురగ పట్టించాడు. ఉంగరం తీసి దాన్ని వేరే కడిగాడు. ఉంగరం మెట్టు పైనుంచి వచ్చిన బొమ్మల కాగితంలో కూడా లేదు. మొత్తం మూడు నిమిషాలు పట్టింది.

సుగుణమ్మ, ఆయా అక్తర్ బేగం ఇద్దరూ నిలబడి చూశారు.

"సూసినవా అక్తర్?"

"సూసిన అక్కా. నమాజుకు మేం సుత గంత బాగ కడుగం."

"వీళ్లకు చేతులు కడుగుడు తెల్వదనుకున్న ఇన్నొద్దులు." అంటుండగానే సుగుణమ్మకు కళ్లలో నీళ్లు తిరిగాయి. తర్వాత, ఏం చెప్పమంటారు, నవ్వు మొదలైంది. ఏడుస్తూ నవ్వుతూ స్టూలు మీద కూలబడింది. ఏమైందోనని అక్తర్ బేగం పరేషాన్ అయి నీళ్లు తెచ్చింది.

మర్నాడు పొద్దున్నే వార్డు గుమ్మంలో ఒక కుర్చీ వెలిసింది. కుర్చీలో సుగుణమ్మ. ఎడమపక్కన సింకు, కొత్త ఎర్ర సబ్బు, ఉతికిన తువ్వాలలు. వచ్చినవాళ్లను వచ్చినట్టే ఆమె లేచి నిలబడి, రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని ఆప్యాయంగా పలకరించసాగింది.

"రా పెద్దవ్వా, పానం మంచిగున్నదా? ఇంటికాడ అందరు బాగున్నరా? మోకాళ్ల నొప్పి తగ్గిందా?"

చెయ్యి గుంజుకుంటే బాగుండదు. సర్కారు నర్సు, పైగా చట్టం ఉంది. నవ్వుతూ భరించేవారు. వదలగానే ఎడమవైపు తిరిగేవారు. ఆరు మెట్లూ పూర్తి చేసి, తువ్వాలకు తుడుచుకుని, పెళ్లిభోజనానికి కూర్చునేవాళ్లంత శుభ్రంగా లోపలికి పోయేవారు. మధ్యాహ్నానికి సింకు దగ్గర లైను కట్టారు. సబ్బు చాలక ఇంకోటి విప్పాను.

కొందరు తెలివిపరులు చేతులు వెనక్కి కట్టుకుని వచ్చారు. సుగుణమ్మ వాళ్ల భుజం మీద చెయ్యి వేసి పలకరించింది. వాళ్లు లోపలికే పోలేదు. ఇంటికి పోయి తలస్నానం చేసి, ఉతికిన బట్టలు కట్టుకుని సాయంత్రం వచ్చారు. ఆమె దీన్ని శ్రద్ధగా గమనించి మోతాదు నిర్ణయించింది. కుట్లవాళ్లను చూడ్డానికి వచ్చినవారికి చెయ్యి, పసిపిల్లలను చూడ్డానికి వచ్చినవారికి భుజం. ఆ వారం మా దగ్గర మూడు కాన్పులయ్యాయి. నాయనమ్మలూ అమ్మమ్మలూ తడి జుట్టుతో వచ్చి మనవళ్లను ఎత్తుకున్నారు.

ఇక ఒకదాని వెంట ఒకటి బాగుపడసాగాయి. ఆమె ఒక రోగి మంచం అంచున ఒకసారి కూర్చుని లేచింది, ఆ మంచం మీద మళ్లీ బంధువులెవరూ కూర్చోలేదు. బ్రెడ్డు ప్యాకెట్టు "ఇట్ల తే అన్నా" అని అందుకోబోయింది, తెచ్చినవాళ్లే వెనక్కి పట్టుకుపోయారు, వార్డులో ఎలుకలు తగ్గాయి. పసుపు పొట్లం విప్పి చూసింది, పొట్లం పెంటకుప్పలో పడింది. ఇరవై ఏళ్లుగా బోర్డులు రాసి, చాటింపు వేసి, బతిమాలి సాధించలేనిదంతా ఒక ఆడమనిషి రెండు చేతులతో నాలుగు రోజుల్లో సాధించింది.

డాక్టరు శ్రవణ్ కుమార్ గారు మాత్రం నవీన భావాలు కలవారు. "నాకు ఇట్లాంటి పట్టింపులు లేవు సుగుణమ్మా," అని నలుగురి ముందు చెప్పి, ఆమె చెయ్యి చాపితే కరచాలనం చేశారు. తర్వాత జేబులోంచి హైదరాబాద్ నుంచి తెప్పించుకున్న చిన్న సీసా తీసి, రెండు చుక్కలు వేసుకుని రుద్దుకున్నారు. "ఇది సైన్సు," అన్నారు నాతో. రౌండ్లలో ప్రతి మంచం దగ్గరా సుగుణమ్మ ఆయన చేతికి తన చెయ్యి తగిలేలా థర్మామీటరు అందించేది. ఆ విధంగా డాక్టరు గారు ఒక రోగికీ ఇంకో రోగికీ మధ్య చేతులు శుభ్రం చేసుకోవడం, ఉద్యోగంలో చేరాక మొదటిసారి ప్రారంభించారు.

ఎనిమిదో రోజు కుట్లు విప్పాలి. సరిగ్గా అదే రోజు జిల్లా నుంచి ముగ్గురు సభ్యుల తనిఖీ బృందం దిగింది. పొద్దుటి నుంచి ఒక మూల కూర్చుని, ఎవరు చేతులు కడిగారు, ఎవరు కడగలేదు అని గీతలు గీశారు. మధ్యాహ్నం అందరి ముందూ సుగుణమ్మ రెండు జతల గ్లౌజులతో కట్టు విప్పింది. 

"ఎండినయా?" అన్నారు వెంకటయ్య గారు కళ్లు మూసుకుని.

ఆమె పద్నాలుగూ చూసింది. మళ్లీ మొదటి నుంచి చూసింది. "ఎండినయి పెద్దయ్యా. అన్నీ ఎండినయి," అంది. గ్లౌజులు ఊడదీసి కళ్లు తుడుచుకుంది. వెంకటయ్య గారు ఆ దుఃఖం తన మీది అభిమానమనుకున్నారు.

బృందం నివేదిక నా చేతుల మీదుగానే పోయింది. వచ్చినవారిలో తొంభై ఎనిమిది శాతం మంది "ఎవరూ చెప్పకుండానే, స్వచ్ఛందంగా, మోచేతుల వరకు" కడిగారని రాశారు. మిగిలిన రెండు శాతం మా ఊరి ఎస్సీ కాలనీ నుంచి బాలింతను చూడ్డానికి వచ్చిన రంగమ్మ, ఆమె వెంట వచ్చినవాళ్లు. వాళ్లు సుగుణమ్మను కావలించుకుని, ముచ్చట పెట్టి, అలాగే లోపలికి పోబోయారు. "పోయి చేతులు కడుక్కోరి" అని సుగుణమ్మ చెప్తే కడుక్కున్నారు. "వీరికి చెప్పవలసి వచ్చినది. కావున సదరు కాలనీలో పరిశుభ్రతపై అవగాహన సదస్సు నిర్వహించవలెను" అని బృందం సిఫారసు చేసింది. సదస్సు జరిగింది కూడా. జంగయ్య ఉంగరం తీసి ఎలా కడగాలో చేసి చూపించాడు.

ఫిబ్రవరిలో బహుమతి సభ. దవాఖాన ముందు షామియానా వేశారు. చైర్మన్ హోదాలో వెంకటయ్య గారు మైకు అందుకున్నారు.

"మన ఊరు ఎనుకవడ్డదని ఎవలన్నరు? చేతులు కడుగుడు మన రక్తంల ఉన్నది! మా తాత కడిగిండు, మా నాయిన కడిగిండు, నేను కడుగుతున్న, నా కొడుకు సుత కడుగుతడు! ఎవలో చెప్తె నేర్సుకున్నది కాదిది. ఇగ సుగుణమ్మ అంటరా, నా పానం నిలవెట్టింది. ఆమె మా ఇంటి ఆడివిల్ల లెక్క!"

చప్పట్లే చప్పట్లు. శాలువా కప్పే ఘట్టం వచ్చింది. ఇంటి ఆడపిల్లకు వెంకటయ్య గారు రెండడుగుల దూరం నుంచి శాలువా విసిరారు. సగం ఆమె భుజం మీద, సగం అతిథుల చాయ్ ఫ్లాస్కు మీద పడింది. సుగుణమ్మ శాలువా సర్దుకుని, ముందుకు వచ్చి, ఆయన రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది. ఎంతకూ వదల్లేదు. అది కృతజ్ఞతో ఇంకేమిటో ఆమెకే తెలియాలి.

వదలగానే వెంకటయ్య గారు చప్పట్లు ముగిసేలోపు వేదిక దిగి సింకు దగ్గరికి నడిచారు. పేపరు ఫొటోగ్రాఫరు వెంటపడ్డాడు. మర్నాడు జిల్లా పేజీలో మోచేతుల దాకా నురగతో చైర్మన్ గారి బొమ్మ. కింద, "ఆదర్శం: సన్మాన సభ నడుమ కూడా చేతులు కడగడం మరువని చైర్మన్". ఆ బొమ్మను పెద్దది చేయించి చుట్టుపక్కల దవాఖానల్లో సింకుల మీద అంటించారు.

సుగుణమ్మకు కూడా గుర్తింపు లభించింది. పదిహేను రోజులకే ఆర్డరు వచ్చింది. ఇంతటి నైపుణ్యం మా ఊరికే పరిమితం కారాదని, వెనుకబడిన ప్రాంతాలకు అందాలని, అందువల్ల మన్ననూర్‌కు బదిలీ అని. డాక్టరు గారు కాగితం వృథా చెయ్యని మనిషి. డిసెంబరులో టైపు చేసిన ముక్కనే తీసి, "శిక్షగా" అన్నది కొట్టేసి "గౌరవార్థము" అని పెన్నుతో రాశారు. పరీక్షలకు ఇంకా మూడు వారాలున్నాయి.

"మంచిగ జేసినా గా అడివికే, చెడగొట్టినా గా అడివికేనా సార్?" అంది సుగుణమ్మ. నేను ఆర్డరు నకలు మీద ఆమె సంతకం తీసుకున్నాను. సింధూజను అక్తర్ బేగం తన ఇంటికి తీసుకుపోయింది. తల్లి ట్రంకు పెట్టెతో బస్సెక్కింది.

కొత్త నర్సు వచ్చింది. మంచి ఇంటి పిల్ల. ఆమె మీద ఊరి విచారణ ఒక్క పూటలో ముగిసింది. అందరూ హాయిగా ఆమె చెయ్యి పట్టుకుని పలకరించి, అదే చేత్తో పోయి కుట్లు లెక్కపెట్టారు. రెండు నెలల్లో ఏడుగురికి చీము పట్టింది. ఏడో మనిషి వెంకటయ్య గారి కోడలు గీత. కాన్పు కుట్లు విచ్చుకుపోయి జ్వరంతో మూలుగుతుంటే ఊరు అత్యవసరంగా సమావేశమైంది. "సుగుణమ్మ చెయ్యి పడితే తప్ప మాకు ఆరోగ్యం లేదు. ఆమెను మాకు ఇప్పించవలెను" అని తీర్మానం రాసి, రెండు వందల పన్నెండు మంది సంతకాలు చేసి, పట్టుకుపొమ్మని నన్ను పంపారు.

మే నెల ఎండలో మన్ననూర్ చేరాను. వరండాలో అడవి గూడెం ఆడవాళ్లు పిల్లలకు సూదులు వేయించుకోవడానికి కూర్చున్నారు. ఒక్కొక్కరే లేచి, బకెట్టు దగ్గర చేతులు కడుక్కుని, పిల్లను ఎత్తుకుని వస్తున్నారు. గుమ్మంలో కుర్చీ లేదు.

"ఈడ ఏం జేసినవ్ సుగుణమ్మా?" అన్నాను.

"ఏం జెయ్యలె సార్. కడుక్కోరి అని చెప్పిన. కడుక్కుంటున్నరు."

సింధూజ ఫస్టు క్లాసులో పాసయిందని సంతోషంగా చెప్పింది. తీర్మానం చదివింది. గీత సంగతి దగ్గర ఆగి, "అయ్యో పిల్ల," అంది. సంతకాలన్నీ చూసి కాగితం మడిచి నాకే ఇచ్చింది.

"నేనెందుకు సార్? నన్ను ముట్టుకున్నంక కడుగుతరు గద. గా కడుగుడే ఆ పిల్లను ముట్టుకునే ముందల కడుగుమను. గవే నీళ్లు, గదే సబ్బు."

"ఉత్తగ ఎవలు కడుగుతరు సుగుణమ్మా? కారణం ఉండాలె గద," అన్నాను.

ఆమె లోపలికి పోయి తన కుండలోంచి గ్లాసుతో నీళ్లు ముంచి తెచ్చి, నా ముందు చాపింది. "ఎండల వడి వచ్చిన్రు. జర నీళ్లు తాగుండ్రి సార్."

నేను ఆ నీళ్లు తాగానా లేదా, తాగితే ఆ తర్వాత చేతులు ఏం చేశాను అన్నది ఇక్కడ రాయడం లేదు. మీరు అడగదలచింది అది కాదని నాకు తెలుసు. నా పేరు మీకు అనవసరమని మొదట్లోనే అన్నాను. అప్పటి నుంచీ మీరు ఈ కథంతా గాలిస్తున్నారు, ఈ గుమాస్తా ఇంటిపేరేమిటి, ఎవరోళ్లు, ఊళ్లోకి పోగానే ఇల్లు ఎడమకా కుడికా అని. అది తెలిస్తే గ్లాసు సంగతి మీరే తేల్చుకోగలరు. మా ఊరికి ఈ పనికి పదకొండు రోజులు పట్టింది. మీరు మొదటి పేరాలోనే మొదలుపెట్టారు. ఆ మొదటి బహుమతి నిజానికి మీకు రావలసింది.